పనిచేసే మనిషిని ఫిల్మ్ మీద తీయాలంటే: వరక్ దుకాణంలో ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు నొక్కాలి

ప్రశ్న: ఫైన్ ఆర్ట్స్‌లో ఫొటోగ్రఫీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టర్ ప్రాజెక్టు ‘పనిలో ఉన్న మనుషులు’. ఫిల్మ్ మీదే తీయాలి, పది ప్రింట్లు ఇవ్వాలి. నా దగ్గర నికాన్ ఎఫ్‌ఎం10, 50 ఎంఎం లెన్స్, ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 (నలుపు తెలుపు ఫిల్మ్) రోల్స్ ఉన్నాయి. చార్మినార్ దగ్గర వెండి వరక్ (మిఠాయిల మీద అద్దే పలచటి వెండి రేకు) కొట్టేవాళ్ళను రెండు రోల్స్ తీశాను. సగం ఫ్రేముల్లో ముఖాలు నల్లగా వచ్చాయి. మిగతా సగంలో అందరూ పని ఆపేసి కెమెరా వైపు చూస్తున్నారు. డబ్బులన్నీ రోల్స్‌కే అయిపోతున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. డెవలపింగ్ నేనే చేస్తున్నాను. కాంటాక్ట్ షీట్లు (రోల్‌లోని ఫ్రేములన్నీ చిన్నవిగా ఒకే కాగితం మీద వేసినవి) పెట్టాను. కలర్‌కి మారితే నయమా? పది ప్రింట్లూ ఒకే దుకాణంలోవి అయితే తప్పా?

సమాధానం:

మీ కాంటాక్ట్ షీట్లను పెద్దవి చేసి చూశాను. మీ రెండు ఇబ్బందులకూ కారణం ఒకటే. మీరు గుమ్మంలో నిలబడి తీశారు.

ఆ దుకాణాలు ఎలా ఉంటాయో మీరు చూశారు కదా. గల్లీలోకి తెరుచుకున్న చిన్న గది, లోపల ఒకటో రెండో ట్యూబ్‌లైట్లు. కొట్టే మనిషి వెలుతురు కోసమే గుమ్మం వైపు ముఖం పెట్టి నేల మీద కూర్చుంటాడు. ఆయన మీద పడే మంచి వెలుతురంతా మీరు నిలబడ్డ చోటి నుంచే రావాలి. మీరు అడ్డం నిలబడగానే ముఖం చీకటైంది, వెనకాల ట్యూబ్‌లైట్ మాత్రం మిగిలింది. మీ మీటర్ ఆ ట్యూబ్‌లైట్‌ని చూసి ఇంత వెలుతురు చాలనుకుంది. ఇక పనిచేసుకుంటున్నవాడికి ఉన్నట్టుండి వెలుతురు ఆగిపోతే తలెత్తి చూడక ఏం చేస్తాడు? చూశాడు, మీరు అప్పుడే నొక్కారు.

అందుకని ముందు గుమ్మం వదలండి. చెప్పులు బయట విప్పి, అడిగి, లోపలికి వెళ్ళి పక్క గోడకు ఆనుకుని కూర్చోండి. నిలబడి తీస్తే టోపీ, నడినెత్తి తప్ప ఏమీ రావు. మీరు కూర్చుంటే కెమెరా ఆయన భుజాల ఎత్తుకు వస్తుంది. గుమ్మం వెలుతురు ఆయన ముఖానికి ఒక పక్క నుంచి పడి చెంప ఎముక, వేళ్ళ కణుపులు, సుత్తి పిడి విడివిడిగా తెలుస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది, దాని సంగతి ఫోకస్ దగ్గర చెబుతాను.

మీటర్ చూడటానికి మీ అరచేయిని వాడుకోండి. ఆయన ముఖం మీద పడే వెలుతురు మీ అరచేతి మీద కూడా పడేలా చాపి, వ్యూఫైండర్ నిండా అరచేయి కనిపించేంత దగ్గరగా పెట్టి రీడింగ్ తీసుకోండి. మనవాళ్ళ అరచేయి మీటర్ అనుకునే మధ్య బూడిద రంగు కంటే దాదాపు ఒక స్టాప్ తేటగా ఉంటుంది. కాబట్టి వచ్చిన రీడింగ్‌కు ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు ఇవ్వండి. ఎఫ్ 2 (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) దగ్గర 1/60 సెకను చూపిస్తే 1/30 పెట్టండి. ఆ తర్వాత మీటర్ లైట్లు ఏం చెప్పినా పట్టించుకోవద్దు. తెల్ల బనియన్ ఫ్రేములోకి వస్తే ఎక్కువైందంటుంది, నల్ల గోడ వస్తే తక్కువైందంటుంది. ఆయన అక్కడే కూర్చున్నంతసేపు, గుమ్మం వెలుతురు మారనంతసేపు మీ లెక్క మారదు. కొత్తవాళ్ళు ఫ్రేము ఫ్రేముకూ మీటర్ చూసుకుంటూ అసలు క్షణాన్ని పోగొట్టుకుంటారు.

ఐఎస్‌ఓ, అంటే ఫిల్మ్ వెలుతురును అందుకునే వేగం విషయం. హెచ్‌పీ5ని 400 దగ్గరే ఉంచితే ఆ గదిలో ఎఫ్ 2, 1/30 దాటి వెళ్ళలేరు. డయల్‌ని 1600కి తిప్పి రోల్ మొత్తం అలాగే తీసి, డెవలపింగ్‌లో పుష్ చేయండి, అంటే ఎక్కువసేపు డెవలప్ చేయండి. రెండు స్టాప్‌లు చేతికొస్తాయి. కానీ పుష్ మీద భ్రమలు వద్దు. అది నెగటివ్‌లో వెలుతురు పడ్డ చోటును దట్టం చేస్తుందంతే. వెలుతురే పడని నీడలో వివరాన్ని పుట్టించలేదు. మూలల్లో నలుపు పెరుగుతుంది, గ్రెయిన్ కనబడుతుంది. వరక్ దుకాణానికి ఆ నలుపు బాగానే ఉంటుందని నా అభిప్రాయం. పూల మార్కెట్‌కైతే వద్దంటాను.

ఇక అసలు సంగతి.

మీ రెండో షీట్‌లో పై నుంచి నాలుగో వరస చూడండి. అందులో ఒకే ఒక్క ఫ్రేములో ఆయన మీ వైపు చూడటం లేదు. కట్ట విప్పి, ఒక పొరను వేలికొనతో ఎత్తి, దాని కిందికి చూస్తున్నాడు. నెగటివ్ పలచగా ఉంది, అయినా డెబ్బై రెండు ఫ్రేముల్లో ఫొటో అదొక్కటే. మీరు దాన్ని అనుకోకుండా తీసినట్టున్నారు, ఎందుకంటే ఆ వెనక ఫ్రేమ్ మళ్ళీ ఫోజే. ఆ ఫ్రేమ్ ఎందుకు బాగా వచ్చిందో అర్థమైతే మిగతా తొమ్మిదీ కావాలనే తీయగలరు.

పనిచేసే మనిషిని తీయమంటే చాలామంది దెబ్బ పడే క్షణం కోసం చూస్తారు. సుత్తి పడాలి, నిప్పురవ్వ ఎగరాలి, చెమట కారాలి. అవన్నీ ఫొటోలే, కాదనను. కానీ ఆ సమయంలో మనిషి ముఖంలో ఏమీ ఉండదు, చేయి దాని పని అది చేసుకుపోతుంటుంది. ఏళ్ళ తరబడి కొట్టినవాడు కొట్టడం గురించి ఆలోచించడు. ఆలోచించేది పని ఎంతవరకూ వచ్చిందో చూసుకునేటప్పుడు. ప్రతి పనిలోనూ ఆ చూసుకోవడం ఉంటుంది, పని సాగినంతసేపూ మళ్ళీ మళ్ళీ వస్తుంది. మీరు వేచి ఉండాల్సింది దాని కోసం.

వరక్‌నే తీసుకుందాం. చిన్న చిన్న వెండి ముక్కలను పుస్తకంలా కట్టిన పొరల మధ్య ఒక్కొక్కటిగా పెడతారు. ఆ కట్టను తోలు సంచిలో బిగించి, రాతి మీద పెట్టి సుత్తితో గంటల కొద్దీ కొడతారు. మధ్యమధ్యలో కట్టను కొంచెం తిప్పుతారు, దెబ్బలు ఒకచోటే పడకుండా. కొంతసేపయ్యాక సుత్తి పక్కన పెట్టి, సంచి విప్పి, ఒక పొర ఎత్తి, వెండి అంచుదాకా సమంగా పాకిందా లేదా చూస్తారు. ఆ చూపు రెండు మూడు సెకన్లు నిలుస్తుంది. తల వంగి కళ్ళు చేతుల దగ్గరికి వస్తాయి. ఊపిరి బిగబట్టి ఉంటాడు, ఎందుకంటే గట్టిగా ఊపిరి వదిలితే ఆ రేకు లేచిపోతుంది. ఆ పనికి ఫ్యాన్ కూడా ఆపేసుకోవాల్సిందే. ఆ రెండు మూడు సెకన్లలో మీకు కావాల్సినవన్నీ వాటంతటవే కుదురుతాయి. మనిషి కదలడు, కాబట్టి 1/30 చాలు. ముఖమూ చేతులూ దగ్గరగా వస్తాయి, కాబట్టి రెండూ ఫోకస్‌లో పడతాయి. ఆయన చూపు పని మీద ఉంటుంది, కాబట్టి మీరు అక్కడ ఉన్న సంగతే మర్చిపోతాడు.

బాలానగర్ లేత్ షెడ్డులో (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్ ఉండే చోట) ఆ చూసుకునే క్షణం వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టి కొలిచేటప్పుడు వస్తుంది. మిషన్ ఆపి, ముక్క మీది నూనె గుడ్డతో తుడిచి, వెర్నియర్ దవడల మధ్య బిగించి, కళ్ళు చికిలించి గీతలు చదువుతాడు. దర్జీ కుట్టు వేసిన బట్టను వెలుతురుకు పట్టి లాగి చూస్తాడు. లాడ్ బజార్‌లో లక్క మెత్తబడ్డాక రాళ్ళు అద్దే మనిషి గాజును వేళ్ళ మధ్య ఒక చుట్టు తిప్పి వరస తప్పిందేమో చూస్తాడు. ఇస్త్రీ బండి దగ్గర పెట్టె వేడిని తడి వేలితో తాకి చూస్తారు. బిర్యానీ మాస్టర్ దమ్ తీశాక మూత ఎత్తి, ఆవిరి తగ్గేదాకా ఆగి, గరిటె అడుక్కి దింపి మెతుకు పట్టుకుంటాడు. మంగలి రెండడుగులు వెనక్కి వేసి తల మొత్తాన్ని ఒకసారి చూస్తాడు.

ఇది పట్టుకోవాలంటే ముందు ఆ పని వరస మీకు తెలియాలి. రోల్ పెట్టకుండా వెళ్ళి కూర్చోండి. కెమెరాను మాత్రం మెడలో వేసుకునే వెళ్ళండి, అందరికీ కనబడనివ్వండి. బ్యాగులో దాచిపెట్టి మర్నాడు బయటికి తీస్తే మొదటి రోజు మంచితనమంతా నాటకమే అనుకుంటారు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని పని ఎక్కడ మొదలైంది, ఎన్ని దెబ్బలకు ఒకసారి కట్ట తిప్పాడు, ఎప్పుడు ఆగాడు, ఆగే ముందు ఏం చేశాడు రాసుకోండి. ‘ఆగే ముందు ఏం చేశాడు’ అన్నదే మీకు పనికొచ్చేది. కొందరు ఆగే ముందు దెబ్బ నెమ్మది చేస్తారు. కొందరు ఎడమ చేత్తో ముందే సంచి తాడు వెతుక్కుంటారు. ఆ గుర్తు కనిపెట్టారంటే కెమెరా కంటి దగ్గరికి ఎప్పుడు ఎత్తాలో మీకు తెలిసిపోయినట్టే. తర్వాత ఏం జరగబోతోందో రెండు మూడుసార్లు వరసగా సరిగ్గా ఊహించగలిగాకే రోల్ లోడ్ చేయండి. మీ డబ్బు ఆదా అయ్యేది ఇక్కడే. రోల్, డెవలపింగ్, స్కానింగ్ అన్నీ కలిపితే ఇవాళ ఒక్కో ఫ్రేముకు నలభై రూపాయలకు అటూ ఇటూగా పడుతోంది. చూస్తూ కూర్చోవడానికి రూపాయి ఖర్చు లేదు.

సుత్తి కదలిక కూడా కావాలంటే ఒక చిన్న కిటుకు. పైకి లేచిన సుత్తి మళ్ళీ దిగే ముందు పైన ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ నొక్కితే 1/60 లోనే సుత్తి నిలబడిపోతుంది, 1/500 అక్కర్లేదు. కిందికి దిగేటప్పుడు 1/30 లేదా 1/15 దగ్గర నొక్కితే సుత్తి గీతలా చెదిరి, ముఖం స్పష్టంగా నిలుస్తుంది. ఇలాంటిది పది ప్రింట్లలో ఒకటి చాలు, రెండోది పెడితే విన్యాసం అయిపోతుంది. 1/15 లో మీ చేయి వణుకుతుంది, వీపు గోడకు ఆనించి మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకోండి. మరో మాట. ఎఫ్‌ఎం10 షట్టర్ చప్పుడు ఆ చిన్న గదిలో గట్టిగానే వినబడుతుంది. దెబ్బలు పడుతున్నప్పుడే ఫిల్మ్ ముందుకు జరిపే లివర్ తిప్పేసి సిద్ధంగా ఉండండి. చూసుకునే క్షణంలో మీ కెమెరా ఒక్కసారే చప్పుడు చేయాలి.

ఫోకస్. 50 ఎంఎం లెన్స్‌ని ఎఫ్ 2 దగ్గర పెట్టి మీటరున్నర దూరంలో ఉన్న మనిషిని తీస్తే స్పష్టంగా వచ్చే మందం పదకొండు సెంటీమీటర్లే. అంటే జానెడు కూడా లేదు. ఎదురుగా కూర్చుంటే చేతులు ముందుకు, ముఖం వెనక్కి ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి పోతుంది. మీ షీట్‌లో చాలావాటిలో సుత్తి స్పష్టంగా ఉండి కళ్ళు మసకగా ఉండటానికి కారణం ఇదే. పక్క గోడకు కూర్చోమన్నదాంట్లో రెండో లాభం ఇక్కడ ఉంది. పక్క నుంచి చూస్తే ముఖమూ చేతులూ మీకు ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి. ఫోకస్ రింగును ఒకసారి ఆ దూరానికి పెట్టి వదిలేయండి. ఆయన కొంచెం వంగితే రింగు తిప్పొద్దు, మీరే నాలుగు వేళ్ళు ముందుకో వెనక్కో జరగండి. వెలుతురు బాగుండి ఎఫ్ 4 దొరికిందంటే మందం రెట్టింపవుతుంది, అప్పుడు ఇంత జాగ్రత్త అక్కర్లేదు.

అడగడం గురించి మీరు రాయలేదు గానీ, షీట్ చూస్తే మీరు ఒకరినే అడిగినట్టుంది. దుకాణంలో యజమాని వేరు, కొట్టేవాళ్ళు వేరు కావచ్చు. మాలిక్ సరే అన్నంత మాత్రాన మూలన కూర్చున్న కారిగర్ ఒప్పుకున్నట్టు కాదు. అక్కడ కొందరికి తెలుగు వచ్చినా మాట హైదరాబాదీ ఉర్దూలో మొదలుపెడితే దగ్గరితనం వేరు. “చాచా, మై ఫొటోగ్రఫీ పఢ్‌రీ హూఁ, ఆప్‌కా కామ్ దేఖ్నా థా. ఆజ్ ఫొటో నై లేతీ” (ఫొటోగ్రఫీ చదువుతున్నాను, మీ పని చూడాలని వచ్చాను, ఇవాళ ఫొటో తీయను) అని కూర్చోండి. ఇవాళ ఫొటో తీయనన్న మాట నిలబెట్టుకోండి, మర్నాడు ఆయనే “ఆజ్ నై లేతే క్యా?” అంటాడు. తెలుగువాళ్ళున్న చోట అన్నా, అక్కా, పెద్దయ్యా చాలు. ‘సార్’ మాత్రం వద్దు, ఆ మాట వినబడగానే ఏ ఆఫీసు నుంచి వచ్చారోనని అనుమానపడతారు. శుక్రవారం జుమా వేళకు వెళ్ళకండి. రంజాన్ నెలలో పాతబస్తీ టైములే వేరు. పగలు మందకొడిగా ఉంటుంది, రాత్రి లాడ్ బజార్‌లో కాలు పెట్టే సందు ఉండదు. ఆ రద్దీలో ఎవరికీ మీతో మాట్లాడే తీరిక దొరకదు, కాబట్టి కొత్త పరిచయాలకు అది సమయం కాదు.

ఫోజు పెట్టేవాళ్ళతో ఏం చేయాలి? తీయండి. మొదటి ఫ్రేమ్ వాళ్ళకే ఇచ్చేయండి. నిటారుగా కూర్చుని, జేబులో దువ్వెన తీసి, నవ్వి, ‘లేలో’ అన్నాక తీయకపోతే అవమానంగా ఉంటుంది. నిజంగా శ్రద్ధగా తీయండి, ఎందుకంటే ఆయనకు ప్రింట్‌గా ఇచ్చేది అదే. తీశాక కెమెరా ఒళ్ళో పెట్టుకుని ఏదో ఒకటి మాట్లాడుతూ కూర్చోండి. ఫొటో అయిపోయిందనుకుని పనిలో పడతాడు. మీ పని అప్పుడు మొదలవుతుంది. డబ్బులు మాత్రం ఇవ్వకండి. మీ తర్వాత వచ్చే ప్రతి విద్యార్థి దగ్గరా అదే రేటు అడుగుతారు, అసలు బాధ అది కాదు, డబ్బు తీసుకున్న మనిషి మీరు ఉన్నంతసేపూ మీ కోసం నటిస్తాడు. ప్రింట్ తీసుకెళ్ళి చేతికివ్వండి, ఫోన్లో పంపడం కాదు. మీరు రెండోసారి వెళ్ళినప్పుడు గోడకు వేలాడుతున్న ఆ ఫొటోయే మిమ్మల్ని అందరికీ పరిచయం చేసేస్తుంది. ప్రాజెక్టు దాటి ఎగ్జిబిషన్‌కో ఇంటర్నెట్‌కో పెట్టాలనుకుంటే మళ్ళీ అడగండి. కాలేజీలో చూపిస్తానని తీసుకున్న ఒప్పుకోలు అక్కడికే.

కార్ఖానాల్లో పిల్లలు కనిపిస్తే ఏం చేయాలో కూడా ముందే అనుకుని వెళ్ళండి. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు వందల మంది పిల్లలను విడిపించారు. వాళ్ళలో ఎక్కువమంది బిహార్ నుంచి తెచ్చినవాళ్ళు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. పద్దెనిమిది లోపువాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. చిన్న పిల్లాడు నిప్పుల ముందు కూర్చుని ఉంటే దాన్ని మీ పది ప్రింట్లలో ఒకటిగా చూడొద్దు. ముఖం గుర్తుపట్టేలా తీయకండి, తీసినా బయట పెట్టకండి. బయటికి వచ్చాక పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. ఆ తర్వాత మీకు ఆ కార్ఖానా తలుపు మూసుకుపోతుంది. పోనివ్వండి.

రోల్స్ ఖర్చు గురించి. మీ క్లాసులో ఇద్దరు ముగ్గురు ఇదే ఫిల్మ్ వాడుతుంటే కలిసి వంద అడుగుల బల్క్ రోల్ (మీరే ముక్కలుగా కోసి డబ్బాల్లో నింపుకునే పొడవాటి ఫిల్మ్) కొనండి. ముప్పై ఆరు ఫ్రేముల రోల్స్ పద్దెనిమిది దాకా వస్తాయి, ఒక్కోటీ తక్కువలో పడుతుంది. అలా నింపే బల్క్ లోడర్ ఏ పాత ప్రెస్ ఫొటోగ్రాఫర్ అటక మీదైనా ఉంటుంది, అడగండి. ఊటీ ఫ్యాక్టరీ నుంచి ‘ఇందు’ ఫిల్మ్ వచ్చే రోజుల్లో మా తరం ఎక్కువగా ఇలాగే నెట్టుకొచ్చింది. లోడ్ చేసిన రోల్స్‌ను ఎండాకాలంలో స్కూటీ డిక్కీలో మాత్రం పెట్టొద్దు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకోండి, తీసిన వెంటనే డబ్బా మూత తెరవకుండా గది వేడికి రానివ్వండి, లేకపోతే ఫిల్మ్ మీద చెమ్మ పడుతుంది.

డెవలపింగ్ మీరే చేస్తున్నారని రాశారు, మంచిది. ఐడీ-11 డెవలపర్‌ని మళ్ళీ నీళ్ళతో పలచన చేయకుండా స్టాక్‌గానే వాడితే హెచ్‌పీ5కి 20 డిగ్రీల దగ్గర 400కి ఏడున్నర నిమిషాలు, 1600కి 14 నిమిషాలు. సమస్య ఆ 20 డిగ్రీలే. మే నెలలో మన ట్యాంకు నీళ్ళు చేయి పెడితే కాలుతాయి. డెవలపర్ సీసాను ఐసు నీళ్ళ గిన్నెలో పెట్టి 20కి తెచ్చి, ఫిక్సర్, కడిగే నీళ్ళు మాత్రం కుళాయి వేడితోనే వాడేవాళ్ళున్నారు. ఎమల్షన్ (ఫిల్మ్ మీది పూత) దెబ్బతినేది అలాగే. నా సలహా, అన్నింటినీ 24కి తెచ్చుకోండి. అది నిలబెట్టడం తేలిక. 24 దగ్గర ఆ 14 నిమిషాలు దాదాపు పదికి దిగుతుంది. 400 రోల్‌కైతే ఐదు నిమిషాల చిల్లర అవుతుంది, అంతకంటే తగ్గనివ్వకండి. ఐదులోపు పోతే ఫిల్మ్ అంతటా సమంగా డెవలప్ కాదు. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది, సింకులో పారబోయొద్దు. డబ్బాలో పోగుచేసి కాలేజీ ల్యాబ్‌కి ఇవ్వండి.

కలర్‌కి మారొద్దు, ఈ ప్రాజెక్టుకి. ట్యూబ్‌లైట్ కింద డేలైట్ కలర్ ఫిల్మ్ ముఖాలను ఆకుపచ్చగా చేస్తుంది, గుమ్మం వైపు చెంప ఒక రంగు, లోపలి చెంప ఇంకో రంగు అవుతుంది. లాడ్ బజార్ తీస్తే మాత్రం కలర్ గురించి ఆలోచించవచ్చు, 2024లో జీఐ (భౌగోళిక గుర్తింపు) తెచ్చుకున్న ఆ గాజుల్ని నలుపు తెలుపులో తీస్తే సగం పోతుంది.

పలచగా వచ్చిన ఆ నాలుగో వరస ఫ్రేమ్‌ను పారేయకండి. మల్టీగ్రేడ్ పేపర్ మీద నలుపు తెలుపుల తేడా పెంచే 4వ నంబర్ ఫిల్టర్ పెట్టి, ముందు చిన్న ముక్క మీద టెస్ట్ స్ట్రిప్ తీయండి. వెండి అంచు తెల్లగా నిలిచి, వేళ్ళు విడివిడిగా కనబడితే చాలు, గోడ ఎంత నల్లబడినా ఫర్వాలేదు.

పది ప్రింట్లూ ఒకే దుకాణంలోవి కావడంలో తప్పేమీ లేదు, నన్నడిగితే అదే మేలు. తెలంగాణ పల్లెను దశాబ్దాల పాటు తీసిన భరత్ భూషణ్ ఫొటోలు దొరికితే చూడండి, వెళ్ళిన చోటికే మళ్ళీ మళ్ళీ వెళ్ళడం వల్ల ఏం వస్తుందో తెలుస్తుంది. పది చోట్లకు పోయి పది పనులు తీసుకొస్తే అది క్యాలెండర్ అవుతుంది. మీ గైడ్ ఒప్పుకోక రెండో చోటు కావాలంటే మళ్ళీ చార్మినార్ చుట్టూ తిరగొద్దు, ఏ కాలేజీ పిల్లలైనా అక్కడే ఉంటారు. ఛత్తా బజార్‌లో పెళ్ళికార్డులు అచ్చేసే ప్రెస్సులు ఉన్నాయి. ధూల్‌పేటలో వినాయక చవితికి కొన్ని నెలల ముందు నుంచే విగ్రహాల పని నడుస్తుంది. నేనైతే బాలానగర్ పంపిస్తాను. రేకుల షెడ్లు, పైన పారదర్శకమైన ఫైబర్ రేకు ఒకటి ఉంటే కిందంతా మెత్తటి వెలుతురు, 400 దగ్గరే హాయిగా తీయవచ్చు. అక్కడ మాత్రం యజమాని సంతకంతో ఒక అనుమతి కాగితం, కాలేజీ లెటర్ చేతిలో ఉండాలి, నోటిమాట చాలదు. లేత్ తిరుగుతున్నప్పుడు మిషన్‌కి చేయి చాపు దూరంలోకి వెళ్ళొద్దు. చున్నీ తీసి బ్యాగులో పెట్టండి, జుట్టు ముడి వేసుకోండి, కెమెరా పట్టీని వేలాడనివ్వకుండా మణికట్టుకు చుట్టుకోండి. ఆపరేటర్ మిషన్ ఆపి వెర్నియర్ అందుకున్నాక దగ్గరికి జరగండి.